పెట్రోల్ ముల్లు తప్పు చూపిస్తోందా? విప్పే ముందు కొలవండి

బంకులో 20 లీటర్లు పోయించుకుని బయటికొస్తే ముల్లు ఇంకా పావు దగ్గరే ఉంటుంది. మొదటి అనుమానం బంకు మీదికి పోతుంది. మర్నాడు వర్క్‌షాప్‌కు తీసుకెళ్తే "ట్యాంక్ యూనిట్ పోయిందన్నా, మార్చేద్దాం" అంటారు. ఆ మాట నిజం కావచ్చు. అయితే చాలాసార్లు అది మల్టీమీటరు పెట్టి చూడకుండానే, అలవాటుగా వచ్చే మాట. పంపుతో సహా మాడ్యూల్ మొత్తం మార్చాక కూడా ముల్లు కదలకపోతే, అప్పుడు గానీ వెనక సీటు కింద తుప్పు పట్టిన ఎర్త్ తీగ (కరెంటు బాడీకి తిరిగి వెళ్లే తీగ) వైపు ఎవరూ చూడరు. ఈ వరస తిరగేయాలి. ఒక మల్టీమీటరు, నాలుగు రెసిస్టర్లు (కరెంటును తెలిసినంత మేర అడ్డుకునే చిన్న ముక్కలు), పదిహేను నిమిషాల ఓపిక ఉంటే లోపం ట్యాంకులో ఉందా, ముల్లున్న మీటరులో ఉందా, రెంటి మధ్య తీగలో ఉందా అన్నది ట్యాంకు మూత తీయకుండానే తేలిపోతుంది.

ముల్లు ఆలస్యం చేస్తే అసౌకర్యం మాత్రమే అనుకోవడం పొరపాటు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు. రాత్రిపూట రెండు ఎగ్జిట్ల మధ్య పెట్రోలు అయిపోతే, బండి పక్కకు ఆపి నిలబడటమే పెద్ద ప్రమాదం. ఇంకొకటి, పెట్రోలు కార్లలో పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. అది చల్లబడేది చుట్టూ ఉన్న ఇంధనంతోనే. ముల్లును నమ్మి పదే పదే అడుగంటే దాకా నడిపిన బండిలో పంపు ఆయుష్షు కూడా తగ్గుతుంది.

ముల్లుకు అందేది ఓంలే

ట్యాంకులో పెట్రోలు మీద ఒక ఫ్లోట్ తేలుతుంది. దానికి సన్నని లోహపు కడ్డీ ఉంటుంది. కడ్డీ రెండో కొసన వేలిగోరంత స్పర్శ పలకలు ఒక పింగాణీ కార్డు మీద జారుతూ ఉంటాయి. ఆ కార్డు మీద కరెంటును అడ్డుకునే నిరోధపు పొర అచ్చు వేసి ఉంటుంది, ఆ నిరోధాన్ని ఓంలలో కొలుస్తారు. ఫ్లోట్ పైకి లేచినా కిందికి దిగినా స్పర్శ చోటు మారుతుంది, నిరోధం మారుతుంది. వర్క్‌షాపుల్లో ట్యాంక్ యూనిట్ అన్నా, ఫ్లోట్ అన్నా, సెండర్ అన్నా ఇదే. మీటరు ఈ నిరోధాన్ని చదివి ముల్లును తిప్పుతుంది. ట్యాంకులో ఎన్ని లీటర్లున్నాయో దానికి నేరుగా తెలియదు.

ఓంల లెక్క అన్ని కార్లకూ ఒకటి కాదు. చాలా జపనీస్ డిజైన్లలో ట్యాంకు నిండినప్పుడు 3 ఓంల దరిదాపుల్లో, ఖాళీ అయినప్పుడు 110 ఓంల దరిదాపుల్లో ఉంటుంది. యూరప్‌లో ఎక్కువగా కనిపించే ఒక కొలత దీనికి తలకిందులు: ఖాళీకి 10, నిండుకు 180. అమెరికా పద్ధతిలో ఖాళీకి 240, నిండుకు 33. అందుకే "తీగ తెగితే ముల్లు కిందికి పోతుంది" అన్న సూత్రం అన్ని బండ్లకూ పనికిరాదు. తీగ తెగడమంటే నిరోధం అనంతం కావడం. ఖాళీకి ఎక్కువ ఓంలుండే బండిలో ముల్లు అడుగుకు పోతుంది. ఖాళీకి తక్కువ ఓంలుండే బండిలో అదే తెగుడుకు ముల్లు నిండు దాటి కూర్చుంటుంది. కొత్త కార్లలో కంప్యూటరు ఈ అసంభవమైన అంకెను పసిగట్టి, ఎటైనా సరే ముల్లును సున్నాకు దించి, లోపం కోడ్ రాసిపెట్టుకుంటుంది. ఏ పని మొదలుపెట్టే ముందైనా ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో మూడు అంకెలు చూసుకోవాలి: ఖాళీ, సగం, నిండు.

ముల్లు సమంగా దిగకపోవడం లోపం కాదు. వెనక సీటు కింద, యాక్సిల్‌కూ సైలెన్సర్‌కూ దారి వదులుతూ మలిచిన ట్యాంకు ఆకారం పైన ఒక రకంగా, కింద ఒక రకంగా ఉంటుంది. పై సగం నిదానంగా, కింది సగం వడిగా దిగే బండ్లు ఎన్నో ఉన్నాయి. ఇంజన్ ఆన్‌లో ఉండగా పెట్రోలు పోయించడం ప్రమాదం. పైగా కొన్ని కార్లలో అలా పోయిస్తే ముల్లు వెంటనే లేవదు. పెట్రోలు కుదుపులకు ముల్లు ఊగకుండా సాఫ్ట్‌వేర్ సగటు తీస్తూ ఉంటుంది మరి. నాలుగైదు లీటర్లు మాత్రమే పోస్తే గుర్తించని మోడళ్లూ ఉన్నాయి. ఇంటి ముందు ర్యాంపు మీద ఏటవాలుగా ఆపినా రీడింగ్ మారుతుంది. కాబట్టి సమతలమైన చోట, ఒకసారి కీ తీసి పెట్టి, రెండు నిమిషాలు ఆగి చూశాకే లోపం ఉందని నిర్ణయించాలి. బంకు మీద అనుమానం ఉంటే దానికీ దారి ఉంది. ప్రతి బంకులో తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ఉంటుంది. అడిగితే దాంట్లో పోసి చూపించాలి.

లక్షణాలు చెప్పే కథ

ముల్లు ఒక్కటే చచ్చిపోయి, ఉష్ణోగ్రత సూచిక, స్పీడు మామూలుగా ఉంటే లోపం ఇంధన సర్క్యూట్‌లోనే ఉంది. అన్ని సూచికలూ కలిసి తేడా చేస్తే ట్యాంకు జోలికి పోనక్కర్లేదు, ముందు మీటర్ బోర్డు సప్లై, ఫ్యూజు, ఎర్త్ చూడాలి. కొన్ని పాత కార్లలో మీటర్ల వెనక చిన్న వోల్టేజీ స్టెబిలైజర్ ఉంటుంది. అది పాడైతే పెట్రోలు ముల్లు, ఉష్ణోగ్రత ముల్లు రెండూ ఒకేలా ఎక్కువగానో తక్కువగానో చూపిస్తాయి.

ఒకే చోటుకు వచ్చినప్పుడల్లా, ఉదాహరణకు అరట్యాంకు కిందికి దిగగానే, ముల్లు పడిపోయి, ఇంకాస్త పెట్రోలు తగ్గాక తిరిగి లేస్తే, కార్డు మీద ఆ చోట పొర అరిగింది. ఎక్కువ మంది అరట్యాంకు, పావు ట్యాంకు మధ్యే బండి తిప్పుతారు కాబట్టి అరుగుదల కూడా అక్కడే ఎక్కువ. ఎంత పోసినా ముల్లు అడుగునే ఉండి, ట్యాంకు మీది కప్లర్‌లో (తీగలు కలిపే ప్లగ్గులో) కొలిస్తే సరిగ్గా ఖాళీ ఓంలే కనిపిస్తే, ఫ్లోట్ చిల్లుపడి మునిగింది లేదా కడ్డీ ఎక్కడో ఇరుక్కుంది. గుంతలోనో రాయి మీదో ట్యాంకు అడుగు గట్టిగా తగిలిన తరవాత మొదలైన తేడా అయితే బండి కిందికి ఒకసారి వంగి చూడాలి. అడుగు లోపలికి నొక్కుకుపోతే ఫ్లోట్ పూర్తిగా కిందికి దిగలేదు. అప్పుడు ముల్లు ఎప్పుడూ కొంత మిగిలి ఉన్నట్టే చూపిస్తుంది.

అన్నిటికంటే ఎక్కువమంది పొరబడేది బలహీనపడిన ఎర్త్ దగ్గర. దీన్ని కాస్త నిలిచి చూడాలి. సెండర్ నుంచి తిరుగు దారి బాడీకి వెళ్లే చోట తుప్పు వల్ల 15 ఓంలు అదనంగా చేరాయనుకుందాం. 3 నుంచి 110 ఓంల బండిలో ట్యాంకు నిండితే మీటరుకు 3కు బదులు 18 అందుతుంది. అలాంటి కార్డులో సగానికి 30 పైచిలుకు ఓంలుంటాయి కాబట్టి ముల్లు ముప్పావు దగ్గర ఆగిపోతుంది. అదే ఖాళీ దగ్గర 110కి బదులు 125 అందినా తేడా కంటికి ఆనదు. అంటే "ఫుల్ ట్యాంక్ చేసినా ముల్లు ఫుల్‌కు పోదు, రిజర్వ్ మాత్రం సరిగ్గానే చూపిస్తుంది" అనే ఫిర్యాదు వినగానే ట్యాంక్ యూనిట్‌ను కాక ఎర్త్‌ను అనుమానించాలి. 10 నుంచి 180 ఓంల బండిలో అదే 15 ఓంలు ప్రమాదం వైపు లాగుతాయి. ట్యాంకు అడుగంటినా మీటరుకు 25 ఓంలు అందుతాయి, ముల్లు ఇంకా కొంచెం ఉందని చూపిస్తూనే బండి ఆగిపోతుంది.

ఎర్త్‌కు ఇంకో గుర్తు ఉంది. చాలా మాడ్యూళ్లలో పంపుకూ సెండర్‌కూ తిరుగు తీగ ఒకటే. పంపు కొన్ని ఆంపియర్ల కరెంటు లాగుతుంది, సెండర్‌ది మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది. ఆ ఉమ్మడి ఎర్త్ బలహీనమైతే, కీ ఆన్ చేసినప్పుడు ఒక రీడింగ్, ఇంజన్ స్టార్టయి పంపు నిలకడగా తిరిగేటప్పుడు మరో రీడింగ్ వస్తుంది. 3-110 బండిలో స్టార్ట్ చేస్తే దిగి, ఆపి మళ్లీ కీ ఆన్ చేస్తే లేచే ముల్లు ఉంటే ట్యాంకు తెరవాల్సిన పనే లేదు.

హైదరాబాద్ బండ్లలో ఈ కప్లర్లు, ఎర్త్‌లు పాడవడానికి స్థానిక కారణాలున్నాయి. 2020 అక్టోబరు వరదల్లాంటివి వచ్చినప్పుడు సెల్లార్లలో సీట్ల దాకా నీళ్లలో మునిగిన కార్లు బయటికి శుభ్రంగా కనిపించినా, కార్పెట్ కింది కప్లర్లలో పచ్చటి చిలుము నెలల తరవాత బయటపడుతుంది. సెల్లార్లలో ఎలుకలు వైరింగ్ కొరకడం నగరంలో ఎవరికీ కొత్త కాదు. మూడోది, సీటు కవర్లు, ఫ్లోర్ మ్యాట్లు, రివర్స్ కెమెరా, వూఫర్ బిగించేటప్పుడు వెనక సీటు లేపి తీగలు లాగడం. సీటు బిగించేటప్పుడు బ్రాకెట్ కింద సన్నని సిగ్నల్ తీగ నలిగి, ఇన్సులేషన్ కోసుకుపోయి బాడీకి తగిలితే, 3-110 బండిలో ముల్లు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. యాక్సెసరీ ఏదైనా బిగించిన వారంలోపు ముల్లు తేడా చేస్తే మొదట ఆ చోటే తవ్వి చూడాలి.

కప్లర్ దగ్గర పరీక్ష

ఇదే అసలు పని. చాలా చిన్న కార్లలో వెనక సీటు కుషన్ లేపితే గుండ్రటి రేకు లేదా రబ్బరు మూత కనిపిస్తుంది. దాని కింద పంపు మాడ్యూల్ తల, దాని మీద నాలుగైదు పిన్నుల కప్లర్ ఉంటాయి. రెండు లావు తీగలు పంపువి, రెండు సన్నని తీగలు సెండర్‌వి. రంగులు చూసి ఊహించకూడదు, వైరింగ్ డయాగ్రాం చూసే నిర్ధారించుకోవాలి. పంపు పిన్నుల్లో రెసిస్టర్ పెడితే అది కాలిపోతుంది.

కీ ఆఫ్ చేసి కప్లర్ ఊడదీయాలి. పిన్నులను వెలుతురులో చూడాలి. పచ్చటి చిలుము ఉందా, పిన్ను లోపలికి జారిందా, ప్లాస్టిక్ కరిగిన గుర్తుందా గమనించాలి. తరవాత మల్టీమీటరును 200 ఓంల రేంజ్‌లో పెట్టి, ముందు రెండు ప్రోబులనూ ఒకదానికొకటి తాకించి వచ్చిన అంకె రాసుకోవాలి. మామూలు మీటర్ల తీగలకే 0.3, 0.5 ఓంలు వస్తాయి. నిండు ట్యాంకు 3 ఓంల దగ్గర ఉండే బండిలో అది తీసేయాల్సిన అంకె. ఇప్పుడు మాడ్యూల్ వైపు సన్నని పిన్నుల మధ్య కొలవాలి. ట్యాంకులో ఎంత ఉందో ఉజ్జాయింపుగా తెలిసి ఉంటే, వచ్చిన ఓంలు దానికి సరిపోతున్నాయా లేదా తెలుస్తుంది. కొలుస్తూ బండిని పక్క నుంచి కాస్త ఊపితే పెట్రోలు కదిలి అంకె మెల్లగా మారాలి. అస్సలు మారకపోతే ఫ్లోట్ ఇరుక్కుంది. మధ్య మధ్య తెగిపోతున్నట్టు చూపిస్తే కార్డు అరిగింది.

తరవాత బండి వైపు కప్లర్‌కు రావాలి. మల్టీమీటరును వోల్టులకు మార్చి, కీ ఆన్ చేసి, సిగ్నల్ పిన్నుకూ బాడీ లోహానికీ మధ్య చూడాలి. కొత్త కార్లలో సాధారణంగా 5 వోల్టులు, కొన్నింటిలో అంతకంటే ఎక్కువ వస్తుంది. సున్నా వస్తే సిగ్నల్ తీగ తెగింది లేదా మీటర్ బోర్డు పంపడం లేదు. వోల్టేజీ ఉంటే రెసిస్టర్ల వంతు.

సిగ్నల్ తీగను నేరుగా బాడీకి తాకించి ముల్లు ఎటు పోతుందో చూడటం పాత ఎలక్ట్రీషియన్ల అలవాటు. వేడెక్కే తీగతో పనిచేసే పాత మీటర్లలో అలా కొన్ని క్షణాలకు మించి ఉంచితే మీటరే కాలుతుంది. కంప్యూటర్‌తో చదివే బండ్లలో నేరుగా షార్ట్ చేయడం మంచిది కాదు. రెసిస్టర్ పెడితే ఆ భయం లేదు, పైగా ముల్లు రెండు కొసలే కాక మధ్య చోట్లు కూడా సరిగా చూపిస్తుందో లేదో తెలుస్తుంది. 10, 33, 47, 100 ఓంల రెసిస్టర్లు, 5 వాట్లవి, కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరుకుతాయి. అర వాట్ వి వద్దు, పాత 12 వోల్టుల మీటర్లలో వేడెక్కి కాలిపోతాయి. రెండు చిన్న తీగలకు కొసన స్పేడ్ పిన్నులు వేసి, కప్లర్‌లోని సిగ్నల్, ఎర్త్ పిన్నుల మధ్య 33 ఓంలు పెట్టి కీ ఆన్ చేసి రెండు నిమిషాలు ఆగాలి. ఇక్కడ తొందరపడితే తప్పు నిర్ణయానికి వస్తాం. ముల్లు నిదానించేలా చేసిన సాఫ్ట్‌వేర్ కొత్త రీడింగ్‌ను ఒప్పుకోవడానికి సమయం తీసుకుంటుంది. రెసిస్టర్ మార్చిన ప్రతిసారీ కీ ఆఫ్ చేసి ఆన్ చేయడం మేలు.

మూడు నాలుగు రెసిస్టర్లకూ ముల్లు మాన్యువల్‌లో చెప్పిన చోట్లకే వెళ్తే, మీటరూ తీగలూ నిక్షేపంగా ఉన్నాయి, లోపం ట్యాంకులోనే. వెళ్లకపోతే, రెసిస్టర్ ఎర్త్ కొసను కప్లర్ ఎర్త్ పిన్ను నుంచి తీసి, నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కు పొడవాటి తీగతో కలిపి మళ్లీ చూడాలి. అప్పుడు సరైతే ఎర్త్ దోషి. అప్పుడూ సరికాకపోతే సిగ్నల్ తీగ లేదా మీటర్ బోర్డు.

ఎర్త్ దోషి అని తేలితే ఖర్చు దాదాపు శూన్యం. ఆ తీగ వెంట వెళ్తే సీటు పక్కనో, డిక్కీలోనో, డోర్ గడప కిందో బాడీకి బోల్టుతో బిగించిన రింగు కనిపిస్తుంది. విప్పి, రింగునూ దాని కింది లోహాన్నీ మెరిసేదాకా గీకి, పళ్ల వాషర్ వేసి గట్టిగా బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాయాలి. కప్లర్ తిరిగి పెట్టి, ఇంజన్ నడుస్తుండగా వెనక నుంచి సన్నని సూదితో మాడ్యూల్ ఎర్త్ తీగను అందుకుని బ్యాటరీ నెగెటివ్‌తో వోల్టేజీ తేడా చూస్తే 0.1 వోల్ట్ లోపు ఉండాలి. అంతకు మించితే ఇంకెక్కడో చెడ్డ కలయిక మిగిలి ఉంది.

ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటరులోని లోపం కోడ్లు చదివే పరికరం) ఉంటే ఒక అదనపు సాయం. పీ0460 నుంచి పీ0464 దాకా కోడ్లు ఇంధన మట్టం సెన్సరువి. వాటిలో పీ0462 సిగ్నల్ మరీ తక్కువగా ఉందని, పీ0463 మరీ ఎక్కువగా ఉందని, పీ0464 వచ్చి పోతోందని చెబుతాయి. చాలా కార్లలో కంప్యూటర్ చదువుతున్న ఇంధన శాతం కూడా లైవ్ డేటాలో కనిపిస్తుంది. స్కానర్‌లో 60 శాతం, ముల్లు సున్నా అయితే లోపం మీటర్ బోర్డుకు చేరువలో ఉంది, ట్యాంకు నిర్దోషి. మీటర్ బోర్డులో ముల్లును తిప్పే చిన్న మోటరో, సోల్డర్ చిట్లిన అతుకో పాడై ఉంటుంది. అది బెంచి మీద, సన్నని సోల్డరింగ్ చేయి తిరిగినవాళ్ల పని. బోర్డు మొత్తం మారిస్తే ఓడోమీటర్ అంకె కూడా మారుతుంది కాబట్టి, పాత అంకె ఫొటో, బిల్లు తప్పక దాచుకోవాలి. బండి అమ్మే రోజున అవే రుజువు.

ట్యాంకు తెరవాల్సి వస్తే

సెల్లార్‌లో ఈ పని చేయకూడదు. ఇది ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. అది పైకి పోదు, నేలబారుగా పారి పల్లంలో పోగవుతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్ అంటేనే నగరంలో అన్నిటికంటే పల్లమైన చోటు. అక్కడ మోటర్ స్విచ్చులు, లిఫ్టు గుంత, ఎవరిదో ఛార్జింగ్ పాయింటు ఉంటాయి. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా మండే ఆవిరి ఇవ్వగలదు. మే నెలలో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ట్యాంకు మూత తీస్తే ఆవిరి ఎంత వేగంగా ఎగుస్తుందో ఆలోచించాలి. తెల్లవారుజామున, ఆరుబయట, గాలి ఆడే చోట, పక్కన మంటలార్పే ఏబీసీ పౌడర్ సిలిండర్ పెట్టుకుని మాత్రమే చేయాలి. అంత వీలు లేకపోతే బండిని మంచి వర్క్‌షాప్‌కు తీసుకెళ్లాలి. ఆ నిర్ణయంలో తప్పేమీ లేదు.

ట్యాంకులో పావు కంటే తక్కువ ఉన్నప్పుడు చేస్తే చిమ్మడం తక్కువ. బయటికి తీసిన పెట్రోలును మూత గట్టిగా ఉన్న డబ్బాలో మాత్రమే పెట్టాలి. నీళ్ల బాటిళ్లు పనికిరావు. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఉంచుకోగల పెట్రోలు 30 లీటర్లే.

ముందు లైన్‌లో ప్రెషర్ దించాలి. పెట్రోలు ఇంజెక్షన్ బండ్లలో లైన్‌లో 3, 4 బార్ ఒత్తిడి ఉంటుంది. పంపు ఫ్యూజు తీసి ఇంజన్ స్టార్ట్ చేస్తే కాసేపు నడిచి ఆగిపోతుంది. రెండుసార్లు సెల్ఫ్ కొట్టాక బ్యాటరీ నెగెటివ్ తీసేయాలి. ఈ వరస మారకూడదు. ఇక మాడ్యూల్ చుట్టూ పేరుకున్న ఇసుక, దుమ్మును బ్రష్‌తో, వాక్యూమ్ క్లీనర్‌తో తీసేయాలి. అదీ పైపు విప్పకముందే. పెట్రోలు వాసన మొదలయ్యాక వాక్యూమ్ మోటరు దగ్గరికి రాకూడదు. చేతికి నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని, బాడీ లోహాన్ని ఒకసారి తాకి ఒంటి మీది స్టాటిక్ పోగొట్టుకోవాలి. పైపు క్లిప్పులు నొక్కి లాగేటప్పుడు గుడ్డ చుట్టి లాగాలి, మిగిలిన పెట్రోలు చిమ్ముతుంది.

లాక్ రింగు ప్లాస్టిక్‌దైతే మూడు కాళ్ల స్పానర్‌తో తిప్పాలి. ఇనుపదైతే ఇత్తడి పంచ్ పెట్టి మెల్లగా తట్టాలి. ఇనుప ఉలి, ఇనుప సుత్తి కలిస్తే నిప్పురవ్వ పుడుతుంది. విప్పే ముందు రింగుకూ ట్యాంకుకూ అడ్డంగా పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీసుకోవాలి. మాడ్యూల్ తిరిగి పెట్టేటప్పుడు కొద్దిగా తిరిగి కూర్చుంటే ఫ్లోట్ ట్యాంకు గోడకు రాసుకుంటుంది, అప్పుడు కొత్త యూనిట్ కూడా పాతదానిలాగే ప్రవర్తిస్తుంది. పైకి తీసేటప్పుడు ఒక పక్కకు వాల్చి, కడ్డీ వంగకుండా తప్పించి తీయాలి. మాడ్యూల్ అడుగు బుట్టలో మిగిలిన పెట్రోలు ట్యాంకులోకే ఒంపేసి, కన్నం మీద శుభ్రమైన, నూగు రాని గుడ్డ కప్పాలి.

కార్డు, ఫ్లోట్ దగ్గరగా

మాడ్యూల్‌ను బండికి దూరంగా తీసుకెళ్లి, ఆరనిచ్చి, పగటి వెలుతురులో కార్డు చూడాలి. మంచి కార్డు మీద వెండి రంగు సన్న గీతలు దువ్వెన పళ్లలా బారులు తీరి, వాటి మీద స్పర్శ జారిన దారి మెరుస్తూ కనిపిస్తుంది. పాడైన కార్డులో ఆ దారి మధ్యలో నల్లబడుతుంది. లేదంటే వెండి పొర పూర్తిగా పోయి కింది తెల్లటి పింగాణీ బయటపడుతుంది. నల్లదనం అయితే ఆశ ఉంది. తెలుపు కనిపిస్తే కార్డు మార్చాలి.

నల్లదనానికి ప్రధాన కారణం గంధకం. వెండి పాత్రలు గాలికి నల్లబడటం లాంటిదే ఇది. 2004లో అమెరికాలో లూసియానా, ఫ్లోరిడా రాష్ట్రాల్లో గంధకం ఎక్కువైన పెట్రోలు అమ్ముడై ఎన్నో కార్ల ముళ్లు ఒక్కసారిగా తప్పు చూపించడానికి ఇదే మూలం. మన దగ్గర 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాల పెట్రోలులో గంధకం పది లక్షల భాగాల్లో 10కి మించకూడదు. కాబట్టి ఇప్పుడు నల్లబడిన కార్డు కనిపిస్తే పాత రోజుల మురికి కూడా అయి ఉండొచ్చు. 2023 నుంచి వచ్చిన ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపినది) సంగతి వేరు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. దానికోసం తయారు కాని పాత బండ్లలో సీలు, ఫ్లోట్, స్పర్శలు మూడింటినీ చూడటం మంచిది. ముల్లు పోయిన ప్రతి బండికీ ఈ20నే కారణమని చెప్పడం మాత్రం కొలవకుండా చెప్పే మాటే.

శుభ్రం చేయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది పుల్ల చాలు. మొండి నల్లదనానికి పెన్సిల్ రబ్బరుతో గీతల వెంట మెల్లగా రుద్దాలి. ఎమరీ పేపర్ వాడకూడదు. ఆ పొర ఎంత పలుచనిదంటే రెండు రుద్దులకు కార్డు ప్రాణం పోతుంది. స్పర్శ పలక వదులైతే సన్నని ట్వీజర్స్‌తో వెంట్రుకవాసి వంచి ఒత్తిడి పెంచవచ్చు. ఒక పక్కకు జరిపి అరగని దారిలో నడిచేలా కూడా చేయవచ్చు. అరిగిన కార్డుకు ఇది కొన్నాళ్ల పాటు నిలిచే మరమ్మతే.

తరవాత మల్టీమీటరు కలిపి, కడ్డీని అడుగు నుంచి పైదాకా చాలా నిదానంగా తిప్పాలి. ఇక్కడ ముల్లున్న పాత మల్టీమీటరు డిజిటల్ కంటే మేలు. డిజిటల్ మీటరు క్షణానికి రెండు మూడు సార్లే చదువుతుంది, మధ్యలో వచ్చే తెగుడు దాని కంట పడదు. ముల్లు మీటరులో అది స్పష్టంగా ఎగిరి పడుతుంది. అయిదు చోట్ల ఓంలు రాసుకుని మాన్యువల్ అంకెలతో పోల్చాలి.

ఫ్లోట్ ఇత్తడిదో, బోలు ప్లాస్టిక్‌దో అయితే చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల పెట్రోలు కదిలే చప్పుడు వినిపిస్తుంది. చప్పుడు లేకున్నా అనుమానం ఉంటే వేడినీళ్ల గిన్నెలో ముంచాలి. లోపలి గాలి వ్యాకోచించి, సూదిమొనంత చిల్లు నుంచి ఒకదాని వెంట ఒకటి బుడగలు పైకొస్తాయి. నీళ్లు వేడి చేసే పొయ్యి ఇంట్లోనే ఉండాలి, గిన్నె మాత్రమే బయటికి రావాలి. చిల్లుపడిన ఇత్తడి ఫ్లోట్‌కు సోల్డర్ వేసే అలవాటు పాత రోజుల్లో ఉండేది. లోపల ఆవిరి ఉండగా నిప్పు చూపిస్తే పేలుతుంది, కాబట్టి ఇప్పుడది వద్దు. నురగ రబ్బరు ఫ్లోట్ అయితే తూచి చూడాలి. కొత్తదానికంటే బరువెక్కి ఉంటే పెట్రోలు పీల్చుకున్నట్టే.

చాలా మోడళ్లలో సెండర్ కార్డు, కడ్డీ, ఫ్లోట్ కలిసి ఒక చిన్న విడిభాగంగా మాడ్యూల్ పక్కన క్లిప్పులతో కూర్చుంటాయి. పంపు బాగుంటే అది ఒక్కటే మార్చవచ్చు, మాడ్యూల్ మొత్తం కొనే ఖర్చుతో పోలిస్తే ఎంతో తక్కువ. రాణిగంజ్, పుత్లీబౌలి దుకాణాల్లో అడిగేటప్పుడు పార్ట్ నంబరు చెప్పి అడగాలి. చూడటానికి కవలల్లా ఉండే రెండు కార్డుల ఓంలు వేరుగా ఉండొచ్చు. మల్టీమీటరు వెంట తీసుకెళ్లి కౌంటర్ మీదే అడుగు, పై కొసల ఓంలు కొలిచాకే డబ్బు ఇవ్వాలి. కడ్డీ పొడవు, వంపు పాతదాని పక్కన పెట్టి పోల్చాలి. వంపు తేడాగా ఉంటే మీటరు చక్కగా చదివినా రిజర్వ్ ఎప్పుడు మొదలవుతుందో తప్పుతుంది. ఒకవేళ కడ్డీని కాస్త వంచి సరిచేయాల్సి వస్తే, ఖాళీ దగ్గర ముల్లు ముందే హెచ్చరించేలా ఉంచాలి. నిండు దగ్గర ఒక గీత తక్కువ చూపినా నష్టం లేదు.

విడిభాగం రావడానికి నాలుగు రోజులు పడితే ట్రిప్ మీటర్‌తో నెట్టుకురావచ్చు. ట్యాంకు నింపి ట్రిప్ సున్నా చేయాలి. 37 లీటర్ల ట్యాంకు, నగరంలో లీటరుకు 14 కిలోమీటర్లు అనుకుంటే లెక్కకు 518 వస్తుంది. కానీ ట్రాఫిక్‌లో ఏసీతో మైలేజీ తగ్గుతుంది, అడుగున కొంత పంపుకు అందదు. 350 దగ్గరే బంకుకు వెళ్లాలి.

తిరిగి బిగించేటప్పుడు పాత రబ్బరు సీలు మళ్లీ వాడకూడదు. పెట్రోలులో ఉబ్బిన సీలు ఒకసారి బయటికొస్తే పాత గాడిలో కూర్చోదు. కొత్త సీలు ఈ20కి తగినదేనా చూసుకుని, గీత గీతకు కలిసేలా మాడ్యూల్ దింపి, రింగు మాన్యువల్‌లో చెప్పినంతే బిగించాలి. పైపులు టక్ మనే దాకా నొక్కి, ఒకసారి వెనక్కి లాగి చూడాలి. బ్యాటరీ కలిపి కీ రెండు మూడు సార్లు ఆన్ చేస్తే పంపు రెండేసి క్షణాలు తిరిగి ప్రెషర్ ఎక్కిస్తుంది. అప్పుడు పైపు కీళ్ల చుట్టూ వేలు పెట్టి తడి చూడాలి. సీటు కుషన్ మాత్రం ఇంకా బిగించవద్దు. సీలు దగ్గర లీకు తక్కువ పెట్రోలులో బయటపడదు, ట్యాంకు పూర్తిగా నిండి మట్టం మాడ్యూల్ అంచు దాకా వచ్చినప్పుడే బయటపడుతుంది. బంకులో కట్ ఆఫ్ అయ్యేదాకా మాత్రమే నింపించి, దగ్గర్లోని ఒక ఫ్లైఓవర్ ఎక్కి దిగి, ఇంటికొచ్చి ఆరుబయటే బండి ఆపాలి. తెల్లారాక సీటు లేపి చూస్తే రింగు చుట్టూ పొడిగా ఉండి, వాసన లేకపోతే, అప్పుడు బోల్టులు బిగించవచ్చు.